కూర్చుంటేనే బాధండి

రావులపాలెంలో బస్సెక్కగానే నా నడుం బెల్టు చూసి ఒకాయన లేచి సీటిచ్చారు. వెన్నుపూసల జాయింట్లలో ఆ ఉదయమే ఇంజెక్షన్లు వేయించుకున్నానని చెప్పాను.

"నాకూ వేసేరండి. నొప్పి తగ్గిపోయింది కదాని మర్నాడే కొబ్బరికాయలు ఒలవడానికి వెళ్లిపోయేను. మళ్లీ పట్టేసింది. పని మానితేనే ఇంకోటి వేస్తానంటన్నారు డాక్టరుగారు," అని నవ్వారు.

"అయితే మీరే కూర్చోండి."

"వద్దండి బాబూ, నాకు కూర్చుంటేనే బాధ. నించుంటే హాయండి."

నాకు కావలసిన మాట అదే. నమ్మేసి కళ్లు మూసుకున్నాను.

కొత్తపేటలో ఎదుటి సీటు ఖాళీ అయింది. ఆయన రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, పళ్లు బిగించి, మెల్లగా అందులోకి దిగి, "అమ్మయ్య" అన్నారు. నేను కిటికీ వైపు తిరిగాను.

నా నొప్పి ఇంతవరకూ తిరిగి రాలేదు. ఆయన ఒలుపు మానారో లేదో, ఆ రెండో ఇంజెక్షన్ పడిందో లేదో నాకు తెలియదు.