కంకులన్నయ్య, బెండ్ల సంచి

బస్టాండు మూలన నా టీ బండి. దాని పక్కనే మొక్కజొన్న కంకులు కాల్చి అమ్మే కంకులన్నయ్య నిప్పుల బండి ఉండేది. సొంత అన్నేం కాదు. ఇన్నేళ్ళు పక్కపక్కన ఒకే పొగ మింగాక వేరే ఏమని పిలుస్తాను? మొండిఘటం. బేరమాడితే కాల్చిన కంకి వెనక్కి లాక్కునే రకం. అలాంటివాడు నల్లదాని దగ్గర మాత్రం వెన్నలా కరిగిపోయేవాడు. నల్లదంటే అతని కుక్క. దానికోసం ఉప్పూ కారం తగలని కంకి ఒకటి నా టీ పొయ్యి మీదే ఉడికించి, గింజలు బొటనవేలితో ఒలిచి పెట్టేవాడు. "నాకెప్పుడైనా ఒలిచి పెట్టావా?" అని వదిన దెప్పేది.

ఒలిచి పెట్టడంలో తప్పులేదు. గింజలు తిని జనం విసిరేసే బెండ్ల సంగతే మా బుర్రలకు తట్టలేదు. నల్లది వాటిని కొరుకుతుంటే ఆడుకుంటోందనుకున్నాం. వాంతులు మొదలైతే ఎండదెబ్బ అనుకున్నాం. కడుపు ఉబ్బాక అన్నయ్య దాన్ని భుజాన వేసుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు.

"గింజలు పెట్టొచ్చు. క్యారెట్టు, గుమ్మడి ఉడకబెట్టి పెట్టొచ్చు. బెండు మాత్రం అరగదయ్యా, పేగుకి అడ్డం పడింది" అన్నాడాయన. కోసి తీసేలోపే నల్లది పోయింది.

మర్నాటి నుంచి అన్నయ్య ఎవరి చేతికీ కంకి ఇవ్వలేదు. గింజలు ఒలిచి పొట్లం కట్టేవాడు. వేళ్ళు బొబ్బలెక్కాయి. వేడి కంకిని పళ్ళతో కొరుక్కుందామని వచ్చినవాళ్ళకు పొట్లం దేనికి? అందరూ రోడ్డుకు అటువైపున్న కంకుల బండికి మళ్ళారు.

"చచ్చిన కుక్క కోసం మన పొట్ట కొట్టుకుంటామా?" అని వదిన ఏడ్చింది. నాకూ ఒళ్ళు మండి నాలుగు తిట్టాను.

"నా బండి బెండేగా చెల్లెమ్మా, దాన్ని చంపింది" అన్నాడు. ఇంకో కంకి తీసి ఒలవసాగాడు.

వానలు రాకముందే బండి అమ్మేశారు. వదిన ఇప్పుడు ఒక హోటల్లో గిన్నెలు తోముతోంది. అన్నయ్యకు ఎక్కడా పని దొరకలేదు. సాయంత్రమయ్యేసరికి సంచి పట్టుకుని వచ్చి, అటువైపు బండి చుట్టూ పడ్డ బెండ్లు ఏరుతాడు. వీధికుక్కలు కాళ్ళకు అడ్డం పడుతుంటాయి. ఎవరైనా ఇంకా తింటూ ఉంటే, అయ్యేదాకా కాస్త దూరంలో నిలబడతాడు.

నిన్న అలా నిలబడ్డవాణ్ణి చూసి, ఒకావిడ సగం కొరికిన కంకి అతని చేతిలో పెట్టింది.

"ఆకలేస్తోందా పెద్దాయనా? తిను."

నాకు తల కొట్టేసినట్టయింది. అసలు సంగతి చెబుదామని గ్లాసులు వదిలేసి లేచాను. ఈలోగా ఆవిడ బస్సెక్కేసింది. అన్నయ్య అటూ ఇటూ చూశాడు. అరుగు మీద నాకు వీపు పెట్టి కూర్చుని, మిగిలిన గింజలన్నీ గబగబా తిన్నాడు. బెండు సంచిలో వేసుకున్నాడు.