బండి కదిలేదాకా

ఇవాళ పొద్దున గుడివాడ స్టేషన్లో బందరు ప్యాసింజరు ఎక్కి కూర్చున్నాక, ఎదుటి కిటికీ సీటు మీద నా కర్చీఫ్ పరిచాను. చెయ్యి తనంతట తానే చేసిన పని అది. నన్ను అడిగి ఉంటే వద్దనేవాణ్ణి. భుజాన బ్యాగుతో ఓ అమ్మాయి వచ్చి, "ఇక్కడెవరన్నా వస్తారాండీ?" అంది. రాజనీతిశాస్త్రం చెప్పి బతికేవాణ్ణి, దేనికైనా రెండు పక్షాల వాదనలూ వినిపించగలను. దీనికి ఒక్కటీ తోచలేదు.

ఆ సీటు మా బావగారిది. మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. ఆయన ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళేవారు, నేను ప్రతి శనివారం గుడి ఎగ్గొట్టేవాణ్ణి. బందరు యూనివర్సిటీలో ఒకే డిపార్టుమెంటు, గుడివాడ నుంచి ఒకే బండి. కొన్నాళ్ళు ఎదురెదురుగా కూర్చుంటే మా వైపు ఎవరైనా బావలైపోతారు. నేను ఆఖరి నిమిషంలో రొప్పుతూ వచ్చే రకం. ఆయన బండి పూర్తిగా ఆగకముందే కిటికీ ఊచల్లోంచి కర్చీఫ్ విసిరేసి, తర్వాత తీరిగ్గా ఎక్కి, నా సీటుకి కాపలా కాసేవారు. అది నీలిగళ్ళ కర్చీఫ్. ముఖం తుడుచుకోవడానికి వాడగా నేనెప్పుడూ చూడలేదు.

ఆయన ఓసారి ఫెలోషిప్ మీద ఏదో చలిదేశం వెళ్ళొచ్చారు. అందరూ అక్కడి లైబ్రరీ గురించి అడిగితే ఆయన ట్రాముల గురించి చెప్పారు. "అన్నీ ఖాళీ సీట్లే బావా. ఎవరూ ఎవరికీ ఆపరు, అవసరం లేదుగా మరి. ఆ చలికాలమంతా నాకు కావలసినన్ని సీట్లు దొరికాయి," అన్నారు.

వచ్చాక ఆయనకో పట్టుదల పుట్టింది. మా 'ప్రాంతీయ రాజకీయాలు' పేపరంటే అప్పటిదాకా ఏ పార్టీ ఎప్పుడు చీలింది, ఎవరు ఎందులోకి దూకారు అన్న జాబితా. దానికి అంతర్జాతీయ దృక్పథం కావాలని సిలబస్ కమిటీతో పోరాడారు. ఆ మాట బ్రోషరులో బావుంటుందని కమిటీ ఒప్పుకుంది. మొదటి క్లాసుకి ప్రపంచపటం తెస్తారనుకుని పిల్లలు నిటారుగా కూర్చుంటే, ఆయన జేబులోంచి కర్చీఫ్ తీసి బల్ల మీద పరిచి, "ఇదేంటి?" అన్నారు.

"సీటు సార్," అన్నారెవరో వెనక బెంచీ నుంచి.

ఆ జవాబుకి ఆయన ముఖం వెలిగిపోయింది. అక్కణ్ణించి సముద్రంలో రాళ్ళమీద ఇసుక పోసి మాదంటున్న దేశాలకీ, మంచుఖండానికీ, చంద్రుడి మీద పాతిన జెండాకీ వెళ్ళారు. "ఈ గుడ్డముక్కకి చట్టం లేదు, టికెట్ కలెక్టరు ఒప్పుకోడు. అయినా మనం తీసి పక్కన పెట్టం. ఎందుకని? సరే, వేసినవాడు రాకపోతే సీటు ఎంతసేపు అతనిది?"

"బండి కదిలేదాకా సార్!"

"ప్రపంచంలో సగం గొడవలు బండి కదిలిందా లేదా అన్నదాని మీదేనర్రా."

పిల్లల్నీ, వాళ్ళతోపాటు నన్నూ అవనిగడ్డ దాటించి, కృష్ణానది కొత్తగా తేల్చిన ఇసుక లంక చూపించడానికి కూడా తీసుకెళ్ళారు. ఎవరో అక్కడ కర్ర పాతి తువ్వాలు కట్టారు. పిల్లలంతా ఒక్కసారిగా "సార్, కర్చీఫ్!" అని అరిచారు. పడవాయనకి మేమెందుకు నవ్వుతున్నామో అర్థం కాలేదు. "ముందు పాతినోడిదేనండీ. మళ్ళీ వరదొస్తే ఏటిదే," అన్నాడు. ఆ సాయంత్రం బావగారంత సంతోషంగా ఉన్న మనిషిని నేను యూనివర్సిటీలో మళ్ళీ చూడలేదు. అది సంతోషానికి పెద్దగా అలవాటుపడిన చోటు కాదులెండి.

పరీక్షలొచ్చాయి. మా పిల్లలు దేన్నైనా సిద్ధాంతం చేసి, కింద గీత గీసి, లక్షణాలు, ప్రయోజనాలు, పరిమితులు అని విడగొట్టగలరు. వనరులపై దేశాల హక్కుల గురించి అడిగితే క్లాసు క్లాసంతా 'కర్చీఫ్ సిద్ధాంతం' రాసింది. సముద్రాలూ, మంచుఖండమూ, చంద్రుడూ మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. పేపర్లు దిద్దిన బయటి ఎగ్జామినరు ప్యాసింజర్లలో తిరిగే మనిషి కాడనుకుంటాను. అందరికీ సున్నాలు వేశాడు. కమిటీ మళ్ళీ కూర్చుంది.

"అంతర్జాతీయ దృక్పథమంటే కర్చీఫాండీ?" అన్నారు అధ్యక్షులవారు.

"ఆ దేశాలవాళ్ళు జెండా అంటారండీ. మనం కర్చీఫ్ అంటాం," అన్నారు బావగారు. ఆ మాటకి నవ్వింది నేనొక్కణ్ణే. సిలబస్‌లోంచి ఆ పేపరు తీసేశారు.

తిరుగు బండి పెడనలో ఆగి కదిలింది. బావగారు నా వైపు తిరిగి, "పిల్లలు సముద్రాలు మర్చిపోయారు బావా," అన్నారు.

"సముద్రాలు ఏ గైడులోనైనా దొరుకుతాయి బావగారూ. కర్చీఫ్ దొరకదు," అన్నాను. ఆయన కర్చీఫ్ తీసి, మడత సరిచేసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. ఓదార్పు నా సబ్జెక్టు కాదు.

ఆ ఎండాకాలమే ఆయన రిటైరయ్యారు. సెలవులయ్యాక మొదటిరోజు యథాప్రకారం పరిగెత్తుకొస్తే, ఆయన తన సీట్లో ఉన్నారు, నా సీట్లో కర్చీఫ్ ఉంది. "ఎక్కడికండీ ప్రయాణం?" అన్నాను. "ఎక్కడికీ లేదు, నువ్వు కూర్చో. పొద్దున్నే ఎవరికో ఒకరికి సీటు ఆపకపోతే తోచట్లేదు బావా," అని, కూత వెయ్యగానే దిగిపోయారు. ఇంట్లో ఆయనొక్కరే. ఆ తర్వాత రోజూ అంతే. నాకు సీటు అప్పగించడం, ప్లాట్‌ఫారం మీద నిలబడి చెయ్యి ఊపడం. అప్పుడైనా కాస్త ముందు వచ్చి ఉండవచ్చు నేను. వస్తే ఆయనకి పనుండదని రాలేదు.

వానలు పట్టాక ఒకరోజు నా సీట్లో ఎవరిదో ఎరువుల బస్తా ఉంది. బందరు దాకా నిలబడే వెళ్ళాను. క్లాసులోకి అడుగుపెడుతుండగా బావగారు ఇక లేరని కబురు వచ్చింది. ఆ మర్నాటి నుంచీ నేను స్టేషనుకి ముందే వస్తున్నాను.

ఇవాళ్టి బండి కూత వేసింది. ఆ అమ్మాయి కర్చీఫ్‌ని ముట్టుకోకుండా, ఊచ పట్టుకుని అలాగే నిలబడి ఉంది. బోగీ ఒక్క కుదుపు కుదిపింది.

"కదిలిందండీ," అంది మెల్లగా.

"అవునమ్మా, కూర్చో," అని కర్చీఫ్ తీసి జేబులో పెట్టుకున్నాను. పిల్లలు ఆరోజు క్లాసులో చెప్పిన జవాబు సరైనదే. కాకపోతే బండి కదిలిన సంగతి మనకి తెలిశాక, మన చేతికి తెలియడానికి ఇంకొంత కాలం పడుతుంది.