చెయ్యి పెట్టగానే విరిగిన ప్లగ్గు

దైవాశీర్వాదానికి అమెరికాలో అన్నం పెట్టింది విరిగిన వస్తువులు. శాంటా క్లారాలో యంత్రభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో ఆయన ఇన్‌స్పెక్టరు. ఏ షాఫ్టు విరిగినా, ఏ బోల్టు తెగినా ఆ ముక్కలు ముందు ఆయన బల్ల మీదికి రావాలి. భూతద్దం కంటికి పెట్టుకుని, విరిగిన చోటు చూసి, ఇది ఎందుకు విరిగిందో, ఎప్పట్నుంచి విరుగుతూ ఉందో, తప్పు ఎవరిదో రాసిచ్చేవాడు. పాత పగులు మాసిపోయి ఉంటుంది, కొత్త పగులు శుభ్రంగా ఉంటుంది. చూసే ఓపిక ఉండాలంతే. ముక్కని చూడకుండా మాట చెప్పడని ఆఫీసులో ఆయనకు గొప్ప పేరు. ఆ పేరు ఆఫీసు గేటు దాటి ఇంటిదాకా ఎందుకు రాలేదో ఆయన్నే అడగాలి. అడిగితే ఇప్పుడు చెబుతాడు.

ఈ దేశానికి ముందు వచ్చింది ఆయన కాదు, భార్య వసంతకుమారి. చీరాల దగ్గర మిషన్ ఆసుపత్రిలో నర్సింగు చదివి, 1970లో నర్సు ఉద్యోగానికి వచ్చింది. ఏడాది తర్వాత ఆమె వీసా మీద ఆయన దిగాడు. పాలిటెక్నిక్ డిప్లొమా చేతపట్టుకుని తిరిగితే ఉద్యోగం దొరకడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ ఆమె డ్యూటీకి పోతే ఆయన వంట చేశాడు, బట్టలు ఉతికాడు, పసిపిల్ల ప్రేమజ్యోతికి పాలు పట్టాడు. చక్కగా చేశాడు కూడా. కానీ ఆదివారం మధ్యాహ్నం అద్దె హాల్లో జరిగే తెలుగు చర్చి ఆరాధనకి వెళితే, మగవాళ్ళ వైపు కుర్చీల్లోంచి ఎవరో ఒకరు "ఏం బ్రదర్, ఇవాళ ఏం కూర వండావు?" అనేవారు. అందరూ నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. ఇంటికొచ్చాక ఆ పూట ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

తర్వాత ఉద్యోగం వచ్చింది, ఇల్లు వచ్చింది. 1981లో ఒక ముసలి దంపతుల దగ్గర పాత మోటర్ హోమ్ కూడా కొన్నాడు. లోపల రెండు మంచాలు, పొయ్యి, చిన్న బాత్‌రూమ్. వసంత అన్నీ తెరిచి మూసి చూసింది గానీ, ఆమె మనసు నిలిచింది ఒక్క కుళాయి మీద. తిప్పగానే పొగలు కక్కుతూ నీళ్ళొచ్చాయి.

"ఏవండీ! చక్రాల మీద ఇల్లు, ఇంట్లో వేన్నీళ్ళు!" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. పదేళ్ళ వయసు నుంచి తెల్లారకుండా లేచి, ఇంటిల్లిపాదికీ కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాచిన మనిషి ఆమె. వేన్నీళ్ళ విలువ ఆమెకు తెలుసు.

ఆసుపత్రిలో ఎవరో ఇచ్చిన క్యాలెండర్లో ఎల్లోస్టోన్ బొమ్మ ఉండేది. నేలలోంచి నీళ్ళు వాటంతటవే సలసలా కాగి ఆకాశానికి ఎగజిమ్ముతున్న బొమ్మ. సంవత్సరం అయిపోయినా ఆ కాగితం వంటింట్లోంచి తీయలేదు. "నిప్పు లేకుండా కాగే నీళ్ళు ఒక్కసారి కళ్ళారా చూడాలండీ," అనేది. మొగుణ్ణి ఆమె నోరు తెరిచి అడిగిన కోరిక, నాకు తెలిసి, ఆ ఒక్కటే.

1984 జూన్‌లో ప్రయాణం కుదిరింది. చర్చిలో స్నేహితుడు సుందర్ రాజ్ కుటుంబం కూడా తోడు. రేపు పొద్దున బయల్దేరతారనగా, సాయంత్రం ఇంటి ముందు దైవాశీర్వాదం, సుందర్ రాజ్ బండి మీద సామాన్లు కడుతున్నారు. వసంత బండి వెనక వైపు నుంచి వచ్చింది. ఒక చేతిలో చిన్న స్పానర్, ఇంకో చేతిలో తెల్లటి ప్లగ్గు తల.

వేన్నీళ్ళ ట్యాంకుకి అడుగున, బయటి వైపు నుంచి తిప్పే నైలాన్ ప్లగ్గు ఒకటి ఉంటుంది. పాత నీళ్ళు వదిలేయాలంటే దాన్ని విప్పాలి. దాని తల విరిగి ఆమె చేతిలోకి వచ్చేసింది, మరలున్న మొండెం ట్యాంకులోనే ఇరుక్కుపోయింది.

"నిన్నెవరు ముట్టుకోమన్నారు?" అన్నాడు.

"ఈస్టర్‌కి బీచ్‌కి వెళ్ళినప్పటి నీళ్ళండీ. వాసనొస్తున్నాయి. పిల్లలు స్నానాలు చేస్తారు కదా, డ్రైన్ చేద్దామని..."

"ఎంత బలంగా తిప్పావు?"

"బలంగా ఎక్కడ తిప్పానండీ? చెయ్యి పెట్టగానే విరిగింది."

ఆయన నవ్వాడు. మంచి నవ్వు కాదది. "విన్నావా సుందర్ రాజ్! పదకొండేళ్ళ నుంచి మా వర్క్‌షాపులో ప్రతివాడూ చెప్పే మాట ఇదే. మెషీన్ మీద ఏది విరగ్గొట్టినా, 'సర్, చెయ్యి పెట్టగానే విరిగింది' అంటారు. మా ఇంట్లో కూడా ఒకరు తయారయ్యారు."

సుందర్ రాజ్ నవ్వాడు. అతని భార్య నవ్వింది. వసంత మొహం ఎర్రబడింది. మెల్లగా అంది, "పోనీ చన్నీళ్ళతోనే పోదామండీ. అక్కడ ఎటూ ఉన్నవి వేన్నీళ్ళే కదా."

ఎంత మంచి మాట! ఆ మాటకి ఎవరైనా కరగాలి. ఆయన కరగలేదు. పాడైన బండితో రెండు రోజుల దారి పోవడానికి తనకేం పిచ్చా అన్నాడు. కట్టిన సామాన్లు విప్పించాడు. సుందర్ రాజ్ వాళ్ళు తమ కారులో తాము వెళ్ళొచ్చి, ఫోటోలు తెచ్చి చూపించారు. వసంత ఒక్కొక్క ఫోటోనీ రెండేసిసార్లు చూసింది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆ విరిగిన ప్లగ్గు తలని ఆయన తాళాలు పెట్టే గిన్నెలో దాచాడు. ఇంటికి ఎవరొచ్చినా తీసుకొచ్చి అరచేతిలో పెట్టి కథ మొదలుపెట్టేవాడు. సామాన్లు కట్టడం, ఆమె రావడం, తను అడగడం, అన్నీ వరసగా చెప్పి చివర్లో ఆగేవాడు. అప్పుడు వచ్చినవాళ్ళంతా ఒక్క గొంతుతో "చెయ్యి పెట్టగానే!" అనేవారు. ఇల్లు దద్దరిల్లేది. ఒకప్పుడు కూర గురించి నవ్విన నోళ్ళన్నీ ఇప్పుడు ప్లగ్గు గురించి నవ్వాయి. వసంత టీ కప్పులు అందిస్తూ తనూ చిన్నగా నవ్వేది.

బండి అలాగే ఇంటి పక్కన నిలిచిపోయింది. ఈ వేసవిలో బాగు చేద్దామంటే ఆమెకు సెలవు దొరకలేదు, వచ్చే వేసవిలో అంటే ఆమెకు ఒకటే నీరసం. ఆ నీరసం పేరు రక్తంలో క్యాన్సర్ అని తర్వాత తెలిసింది. 1986 ఆగస్టులో చర్చి పిక్నిక్‌కి, ఊడిన జుట్టు కనబడకుండా తలకి స్కార్ఫ్ కట్టుకుని వచ్చింది. ఎవరో అడిగారని ఆయన ఆ రోజు కూడా ప్లగ్గు కథ చెప్పాడు. ఆమె ఆ రోజు కూడా నవ్వింది. అక్టోబరులో పోయింది.

మరుసటి ఏడు జూన్‌లో, పదిహేనేళ్ళ ప్రేమజ్యోతి ఒక రోజు వంటింట్లో క్యాలెండర్ కాగితం ముందు నిలబడి, "డాడీ, మమ్మీ వెళ్ళాలి అన్నది కదా. మనం వెళ్దాం. మన బండిలోనే," అంది. ఆయన కాదనలేకపోయాడు.

శనివారం పొద్దున్నే పనిముట్లు పట్టుకుని బండి పక్కన కూర్చున్నాడు. ట్యాంకు అల్యూమినియం, మెత్తటి లోహం. ప్లగ్గు మొండేన్ని మొరటుగా పెకలిస్తే ట్యాంకు మరలు పాడవుతాయి, ఇక ఏ ప్లగ్గూ నిలవదు. పైనున్న వాల్వు ఎత్తి లోపలి ఒత్తిడి వదిలేశాడు. పాత స్క్రూడ్రైవర్ మొన గ్యాస్ పొయ్యి మీద బాగా కాల్చి, నైలాన్ మొండెం మధ్యలో అంగుళంలో మూడో వంతు లోపలికి దించాడు. కాలిన కంపు కొట్టింది. అది చల్లారి గట్టిపడేదాకా కదలకుండా పట్టుకున్నాడు. తర్వాత స్క్రూడ్రైవర్ పిడికి స్పానర్ తగిలించి, ఊపిరి బిగబట్టి, ఎడమ వైపుకి తిప్పాడు. కాస్త కదిలింది. కొద్దిగా ముందుకీ, కొద్దిగా వెనక్కీ ఆడిస్తూ చుట్టు తర్వాత చుట్టు విప్పుకొచ్చాడు.

ప్లగ్గు మొండెం ఊడి చేతిలో పడింది. వెనకే నీళ్ళు దూకాయి. మూడేళ్ళ నాటి నీళ్ళు, సున్నం పెచ్చులతో, వాసనతో, ఆయన చొక్కా తడిపేసి వాలు వెంబడి రోడ్డు మీదికి పోయాయి. ఆ ఈస్టరు నాడు గొట్టం పట్టుకుని వాటిని నింపింది వసంతే. అవి పూర్తిగా పోయేదాకా ఆయన అలా చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత ప్రత్యేకంగా ఏమీ అనుకోకుండానే, చెయ్యి అలవాటు కొద్దీ, జేబులోంచి భూతద్దం తీసి విరిగిన చోటు చూశాడు.

స్క్రూడ్రైవర్ దిగిన మధ్య భాగం పోగా, చుట్టూ ముప్పాతిక వంతు మాసిపోయి ఉంది. లోపలికి సున్నం పట్టి ఉంది. ఒక్క పాతిక వంతు మాత్రం తెల్లగా, శుభ్రంగా ఉంది.

ఇంట్లోకి పరుగెత్తి గిన్నెలోంచి ప్లగ్గు తల తెచ్చాడు. ఇన్నాళ్ళూ ఎంతమందికో చూపించాడు గానీ, తను ఒక్కసారీ తిప్పి చూడలేదు. దానికీ అదే సున్నం, అదే మాపు. స్క్రూడ్రైవర్ లాగేసి పెడితే రెండు ముక్కల అంచులూ ఒకదానికొకటి సరిగ్గా అతికాయి. తల అంచుల మీద పళ్ళు కొరికినట్టు లోతైన గాట్లు ఉన్నాయి. చిన్న స్పానరుకి పళ్ళుండవు. ఆ పళ్ళు ఆయన పెద్ద పైపు రెంచివి. 1983 నవంబరులో, చలికాలానికి ముందు, ట్యాంకు ఖాళీ చేసి, మళ్ళీ ఒక్క చుక్క కారకూడదని, రెంచి మీద ఒళ్ళంతా మోపి బిగించింది ఎవరో ఆయనకి బాగా గుర్తుంది. చేత్తో బిగిస్తే చాలిన ప్లగ్గు అది. ఆ రోజే పగిలింది. ఈస్టరుకి నింపిన నీళ్ళు ఆ పగులులోకి దిగి సున్నం కట్టాయి. జూన్ నాటికి దాన్ని పాతిక వంతు నైలాన్ పట్టుకుని ఉంది. చెయ్యి పెట్టగానే విరిగింది. ఆమె అక్షరం పొల్లు పోకుండా ఉన్నదే చెప్పింది.

పరాయివాళ్ళు విరగ్గొట్టిన వేల ముక్కల్ని భూతద్దం కింద పెట్టినవాడు, కట్టుకున్న దాని మాట దగ్గరికొచ్చేసరికి కంటి చివరతో కూడా చూడలేదు.

ప్రేమజ్యోతి కాఫీ కప్పుతో బయటికి వచ్చింది. "అయిందా డాడీ?"

"జ్యోతీ, మీ మమ్మీ విరగ్గొట్టలేదమ్మా దీన్ని."

ఆ పిల్ల ఆశ్చర్యపోలేదు. కప్పు మెట్టు మీద పెట్టి, "ఐ నో," అంది.

"నీకెలా తెలుసు?"

"మమ్మీ చెప్పింది. నువ్వు పెద్ద రెంచ్‌తో టైట్ చేసినప్పుడు మమ్మీ కిచెన్ విండోలోంచి చూసింది. అంత గట్టిగా ఎందుకో అనుకుంది అంట."

"మరి నాకెందుకు చెప్పలేదు? ఒక్కసారి... ఒక్క మాట చెప్పకూడదా?"

"నేను అడిగాను డాడీ. 'మమ్మీ, అందరూ నిన్నే లాఫ్ చేస్తున్నారు, డాడీకి చెప్పు' అన్నాను." ఆ పిల్ల కళ్ళు నేల మీదికి దించింది. "మమ్మీ అన్నది, 'నవ్వనీలే అమ్మా. రెండేళ్ళు ఆయన్ని చూసి నవ్వారు. ఇప్పుడు నన్ను చూసి నవ్వితే ఏం పోయింది,' అని."

దైవాశీర్వాదం తడి నేల మీద కూలబడి, రెండు ముక్కలూ గుప్పిట్లో పట్టుకుని, కూతురి ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు. భార్య పోయిన రోజు కూడా ఆయన అంతగా ఏడవలేదు.

మధ్యాహ్నానికి కొత్త ప్లగ్గు తెచ్చాడు. రెండు వేళ్ళతో బిగించాడు. ఒక్క చుక్క కారలేదు.

మర్నాడు ఆరాధనలో పాస్టరుగారు ఎప్పట్లాగే, దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే లేవమన్నారు. దైవాశీర్వాదం లేచాడు. పదహారేళ్ళలో ఆయన సాక్ష్యం చెప్పడానికి లేవడం అదే మొదలు. ముందుకు వెళ్ళి, జేబులోంచి ముక్కలు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"మా వసంత... ఈ ప్లగ్గు..." అని ఆగాడు.

ఆయన ఆగిన చోటు వాళ్ళందరికీ అలవాటైన చోటు. వెనక వరసలోంచి సుందర్ రాజ్, పాపం ఎంతో ప్రేమగా, "చెయ్యి పెట్టగానే!" అన్నాడు. హాలంతా నవ్వింది. ఎనిమిది నెలలుగా తలొంచుకుని తిరిగిన మనిషి మళ్ళీ తన పాత కథ మొదలుపెట్టాడని, తేరుకున్నాడని వాళ్ళ సంతోషం. ఆ నవ్వు ఆగేదాకా ఆయన చెయ్యి చాపుకుని నిలబడే ఉన్నాడు.

"అవును," అన్నాడు చివరికి. "చెయ్యి పెట్టగానే విరిగింది. ఆమె చెప్పింది నిజం. అంతకుముందే దాన్ని విరగ్గొట్టింది నేను. నిన్న చూశాను. మూడేళ్ళు మీ అందరి ముందూ ఆమెను నవ్వులపాలు చేశాను. ఆమెకి అంతా తెలుసు. తెలిసే ఊరుకుంది."

ఆయన ఆడవాళ్ళ వైపు తిరిగాడు. రెండో వరసలో గోడ పక్క కుర్చీ వసంతది. అందులో ఈ నెలలోనే ఇండియా నుంచి వచ్చిన కొత్త పెళ్ళికూతురు కూర్చుని ఉంది. ఆ అమ్మాయికి వసంత ఎవరో తెలియదు, ప్లగ్గు ఏమిటో తెలియదు.

ఆయన ఆ కుర్చీనే చూస్తూ, "నన్ను క్షమించు వసంతా," అన్నాడు.

తనను కాదని తెలిసినా, ఆ అమ్మాయి ఏం చేయాలో తోచక, తల మీద పమిట సర్దుకుని, మెల్లగా తల ఊపింది.