పెద్దల్లుడి తువ్వాలు

మామగారింట్లో పెద్దల్లుడికి పాతికేళ్లుగా ఒక పేరుంది, కరెంటల్లుడని. ఆయనది బ్యాటరీల కొట్టు. లారీ బ్యాటరీలూ ఇన్వర్టర్ బ్యాటరీలూ విప్పి, ఆసిడ్ చూసి, నీళ్లు పోసి, చార్జింగు పెట్టి ఇవ్వడం పని. ఆయన చొక్కాలన్నిటికీ పొట్ట దగ్గర ఆసిడ్ తిన్న చిల్లులుంటాయి. పెళ్లిచొక్కా నెల తిరక్కుండా జల్లెడయిందని భార్య ఇప్పటికీ దెప్పుతుంది. అయితేనేం, మామగారింట్లో దీపాలు ఆరితే మొదటి ఫోను ఆయనకే. ముప్పై కిలోల బ్యాటరీ భుజాన వేసుకుని మెట్లెక్కి వస్తే అత్తగారు ఎదురొచ్చి మంచినీళ్లిచ్చేది. ఆ గ్లాసుడు నీళ్లలో ఉన్న గౌరవం ఆయనకి ఇంకెక్కడా దొరకలేదు.

తర్వాత చిన్నల్లుడు వచ్చాడు. మందుల కంపెనీలో ఉద్యోగం, చేతికి మసి అంటని బతుకు. పైగా మర్యాదస్తుడు. అదే పెద్ద చిక్కు. తిట్టుకోవడానికి కూడా సందివ్వడు.

ఆ ఏడాది మామగారికి సరస్సు ఒడ్డున పక్షుల్ని ఇంకొక్కసారి ఫొటోలు తీయాలని కోరిక పుట్టింది. ఆయన నలభయ్యేళ్లు ఫొటో స్టూడియో నడిపిన మనిషి. ఎవరి ముఖం మీద నీడ ఎక్కడ పడిందో కనిపెట్టడమే జీవితమంతా చేసిన పని. ఇప్పుడు ఆయనకి ఉబ్బసం. పొద్దునా సాయంత్రమూ ముఖానికి మాస్కు పెట్టుకుని మిషన్‌తో మందు పీల్చాలి, మిషన్‌కి కరెంటు కావాలి. గుడారాల్లో రెండు రాత్రులంటే కరెంటెక్కడిది? లారీ బ్యాటరీ ఒకటి తన పాత జీపులో పడేస్తానని పెద్దల్లుడు ఉత్సాహంగా అన్నాడు. అంత బరువెందుకండీ, చెల్లెలి మొగుడు లిథియం బ్యాటరీ పెట్టె తెస్తున్నాడట, చంకలో పెట్టుకుని పోవచ్చట, అంది భార్య. సొంత భార్యే అలా అనేసరికి ఆయనకి అన్నం సహించలేదు.

సరస్సు ఒడ్డున మొదటి సాయంత్రం ఆ పెట్టె దీపాలు వెలిగించింది, ఫ్యాను తిప్పింది, అందరి ఫోన్లూ నింపింది. చప్పుడు లేదు, వాసన లేదు, ఎంత ముద్దుగా ఉందో అని అత్తగారు దాన్ని పసిపిల్లలా నిమిరింది. వాసన లేదు అన్న మాట పెద్దల్లుడికి గుచ్చుకుంది. అంటే ఇన్నాళ్లూ తన బ్యాటరీలు కంపు కొట్టాయనా?

మర్నాడు పొద్దున మామగారి మందు అవగానే పెట్టె ఖాళీ అయింది. ఏం ఫర్వాలేదని చిన్నల్లుడు మూడు మడతల సోలార్ పలకని గడ్డి మీద పరిచి, పెట్టెని గుడారం లోపల నీడన పెట్టాడు. పలక నుంచి ఎనభై ఎనిమిది వాట్ల కరెంటు వస్తోందని పెట్టె మీద అంకె వెలిగింది. సాయంత్రానికి నిండిపోతుందన్నాడు.

పెద్దల్లుడు అప్పుడే సరస్సులో స్నానం చేసి వచ్చి గుడారం తాడు మీద తువ్వాలు ఆరేశాడు. అదేమీ కావాలని చేసింది కాదు. బెత్తెడు నీడ మూడు మడతల మీదా అడ్డంగా పడింది. లోపల అంకె ఆరుకి దిగింది. పది వాట్లు దాటకపోతే ఆ పెట్టె చార్జింగే తీసుకోదు. పలకలోని గడులన్నీ చేతులు పట్టుకుని నిలబడ్డ వరసలాంటివి, ఒకటి కూలబడితే తక్కినవీ నడవలేవు. అది ఆయనకి తెలుసు. తువ్వాలు తీయబోయాడు. చెయ్యి ఆగిపోయింది.

చిన్నల్లుడు పలక తుడిచాడు, తీగలు మార్చాడు, ఎండకేసి వంచాడు. నీడ అతనికీ కనబడింది గానీ బెత్తెడేగా అనుకున్నాడు. పొద్దెక్కి నీడ జరిగినప్పుడల్లా పెద్దల్లుడు తువ్వాలునీ జరిపాడు. మధ్యాహ్నం చిన్నల్లుడు గుడారం వెనక ఆయన్ని పట్టుకున్నాడు.

"అన్నయ్యా, నాకు కొనడమే తెలుసు. ఒకసారి చూడవా?"

పొద్దుటినుంచీ ఆయన ఎదురుచూసింది ఈ మాట కోసమే. కానీ వినడానికి అక్కడ అత్తగారేదీ?

"లిథియం సంగతి నాకేం తెలుసు తమ్ముడూ? మాదంతా ఆసిడ్ చదువు," అన్నాడు.

భోజనాలయ్యాక అందరూ చుట్టూ చేరినప్పుడు తువ్వాలు లాగేసి అంకె పైకి లేపి చూపిద్దామని ఆయన పథకం. భోజనాలయ్యాయి. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చేసరికి మబ్బు పట్టింది. తువ్వాలు లాగాడు, తాడు కూడా విప్పేశాడు. అంకె లేవలేదు. ఇక ఆ రోజు ఎండ రాలేదు.

అయిదింటికి మామగారికి ఆయాసం మొదలైంది. ఊపిరి ఈలలా వినబడుతోంది. అత్తగారు వీపు రాస్తూ ఇద్దరల్లుళ్ల ముఖాలూ మార్చి మార్చి చూసింది. పెద్దల్లుడు ఒక్క ఉదుటున లేచాడు. పెట్టె సంచీ బోర్లించి, కార్లో చార్జింగు పెట్టుకునే తీగ దొరకబుచ్చుకుని, పరుగున వెళ్లి పాత జీపు స్టార్టు చేసి పెట్టెకి తగిలించాడు. ఇంజను పావుగంట ఉరిమింది. పెట్టెకి ప్రాణం వచ్చింది, మిషను తిరిగింది, మామగారి ఊపిరి మెల్లగా దారికొచ్చింది.

పాత బ్యాటరీయే దిక్కయిందని అత్తగారు కళ్లు తుడుచుకుంటూ మంచినీళ్లు తెచ్చిచ్చింది. అన్నయ్య లేకపోతే ఏమయ్యేవాళ్లమని చిన్నల్లుడు అన్నాడు, మనస్ఫూర్తిగానే. పెద్దల్లుడు ఆ గ్లాసు తాగకుండానే పక్కన పెట్టేశాడు.

అందరూ అటు వెళ్లాక మామగారు మాస్కు తీసి పెద్దల్లుణ్ని అడిగారు.

"తువ్వాలు ఆరిందా అల్లుడూ?"

"ఆరింది మామయ్యా."

"తొమ్మిదింటికే ఆరింది. రెండుసార్లు జరిపావు. నువ్వే తీస్తావని చూస్తూ కూర్చున్నాను."

మామగారు మళ్లీ ఆ ఊసెత్తలేదు, ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే పెద్దల్లుడు ఒకనాడు తిట్లు తిని బయటపడేవాడు. ఇప్పుడు నలుగురు చేరినప్పుడల్లా జీపు కథ చెప్పుకుంటారు. కథ ముదిరేకొద్దీ మెచ్చుకోలూ పెరుగుతుంది, అందరికంటే గట్టిగా మెచ్చుకునేది చిన్నల్లుడే. పెద్దల్లుడు తల దించుకుని వింటాడు. ఎంత అణకువో అని అత్తగారు మురిసిపోతుంది.

అప్పుడు మామగారు కుర్చీలోంచి కూతుర్ని పిలిచి, మీ ఆయనకి చెమటలు పడుతున్నాయి, ఒక తువ్వాలియ్యమ్మా, అంటారు. గుమ్మడికాయల దొంగలా పెద్దల్లుడు భుజం తడుముకుంటాడు.