వియ్యపురాలిచ్చిన చుక్కల మందు

మా మేనత్తది బాపట్ల. మోకాళ్ల నొప్పులు తప్ప వేరే లోటు లేని మనిషి. ఒకరోజు పొద్దున్నే మామయ్య ఫోన్ చేశారు. ఆయన ఫోన్ చేసే రకం కాదు. అత్తయ్య మాట్లాడుతుంటే పక్కన కూర్చుని వినడమే ఆయన వంతు.

"అమ్మాయ్, మీ అత్తయ్యకి నిన్నటి నుంచి వాంతులు, విరేచనాలు. ఆసుపత్రికి పోదామంటే రానంటోంది. లోపలి విషమంతా బయటికి పోతోందట. మీరొకసారి రండమ్మా."

మా కాపురం తెనాలిలో. మా ఆయన మంచినీళ్లు శుద్ధిచేసే ప్లాంటులో ఇంజనీరు. అదృష్టం కొద్దీ ఆ రోజు ఆయనకు సెలవు. ఇద్దరం దొరికిన రైలెక్కి బాపట్లలో దిగాం.

అత్తయ్య వాడిన తోటకూర కాడలా మంచానికి అతుక్కుపోయి ఉంది. గొంతు మాత్రం తగ్గలేదు. తలగడ పక్కన స్టూలు మీద రెండు చిన్న సీసాలు, ఒక గ్లాసులో పసుపుపచ్చటి నీళ్లు ఉన్నాయి. రేపల్లెలో ఉండే వియ్యపురాలు, అంటే అత్తయ్య కూతురి అత్తగారు, ఇచ్చిన మందట. ఆవిడ ఏదో వాట్సాప్ గ్రూపులో చూసి తెప్పించిందట. మోకాళ్ల నొప్పులు, షుగరు, చివరికి కేన్సరు కూడా దాంతో పోతాయని ఆ గ్రూపులో చెబుతారు. వాంతులైతే భయపడొద్దు, మందు పనిచేస్తోందనడానికి అదే గుర్తు, ఇంకో నాలుగు చుక్కలు పెంచండి అని కూడా చెబుతారు.

మా ఆయన గ్లాసు ఎత్తి వాసన చూసి, ముఖం తిప్పుకున్నారు. బ్లీచింగ్ పౌడరు వాసన నాకూ తగిలింది.

"ఇది క్లోరిన్ డయాక్సైడ్ అత్తయ్యగారూ. తాగేది కాదండి."

అత్తయ్య మోచేతుల మీద లేచింది. "మీ ప్లాంటులో నీళ్లలో కలిపేది అదేనటగా! గ్రూపులో చెప్పారు. ఊరందరి చేతా తాగిస్తే లేని తప్పు, నేను తాగితే వచ్చిందా?"

మా ప్లాంటులో వాడేది నిజంగా అదే. మా ఆయన కోపం తెచ్చుకోలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. అత్తయ్యకు భోజనమయ్యాక తాంబూలం వేసుకునే అలవాటుంది.

"ఆకుకి సున్నం ఎంత రాస్తారండీ?"

"వేలి కొసకి అంటినంత."

"ఎక్కువైతే?"

"నోరు పొక్కిపోతుంది."

"నీళ్లలో మేం కలిపేది దానికంటే చాలా చాలా తక్కువండి. అది కూడా నీళ్లలో క్రిముల్ని చంపడానికి. ఎక్కువైపోకుండా రోజూ పరీక్ష చేస్తూనే ఉంటాం. నీళ్లు బాగుచేయడం వరకే దాని పని. మీ మోకాళ్ల సంగతి దానికేం తెలుసు?"

మామయ్య నవ్వేశారు. అత్తయ్య ఆయన వంక గుర్రుగా చూసి, నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది. "వియ్యపురాలు మనసుపడి ఇచ్చిందే. తాగుతున్నారా వదినా అని రోజూ ఫోన్ చేస్తుంది. లేదని ఎలా చెప్పను? మన పిల్ల ఆ ఇంట్లో ఉంది."

అప్పటికి అర్థమైంది నాకు అసలు సంగతి. "ముందు నువ్వు బాగుంటే కదా అత్తయ్యా" అని లేవదీశాను. ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు. ఆ చుక్కల మందు కలిపిన నీళ్లు కడుపులో పొరని మండించాయని, ఒంట్లో నీరంతా లాగేశాయని డాక్టరుగారు చెప్పారు. మోకాళ్లకు వ్యాయామాలు రాసిచ్చారు. సాయంత్రానికి అత్తయ్య చారన్నం అడిగింది. మా అందరి ప్రాణం కుదుటపడింది.

మేం తెనాలి వచ్చేశాం. ఒంట్లో సత్తువ వచ్చాక అత్తయ్యే ఫోన్ చేసింది. "రేపల్లె వెళ్లి ముఖాముఖీ చెప్పొస్తాను. తోడు రా." తెనాలిలో కలుసుకుని రేపల్లె రైలెక్కాం. దారి పొడుగునా వరిచేలు పచ్చగా ఉన్నాయి. అత్తయ్య వాటి వంక చూడనే లేదు. ఏం చెప్పాలో నా మీద సాధన చేస్తూ కూర్చుంది.

"డాక్టరు వద్దన్నాడని చెప్పనా?"

"చెప్పు."

"డాక్టర్లంతా దొంగలంటుందే ఆవిడ!"

వియ్యపురాలు గుమ్మంలోకే ఎదురొచ్చింది. పోయినసారి చూసినదానికంటే చిక్కింది. భోజనాల దగ్గర మాకు గోంగూర పచ్చడి, చేపల పులుసు కొసరి కొసరి వడ్డించి, తను మాత్రం మజ్జిగన్నం కలుపుకుంది.

అత్తయ్య కనిపెట్టేసింది. "ఏంటి వదినా, పులుసు వేసుకోలేదేం?"

"ఈమధ్య కడుపులో ఒకటే మంటండి."

అత్తయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఆ చుక్కలు తాగుతూనే ఉన్నారా?"

"మానడం ఎలాగండీ? మీకు ఇచ్చిందే నేను. మీకు బాగా నెమ్మదించిందన్నారు కూడా."

"అయ్యో వదినా! మీరు నొచ్చుకుంటారని అలా అన్నాను. సెలైన్ ఎక్కించుకుని లేచొచ్చానండి నేను!"

"అంటే నాకోసం మీరు, మీకోసం నేను తాగామన్నమాట!" అంది ఆవిడ. అని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు అత్తయ్యకు అంటుకుంది, అక్కడి నుంచి నాకు. వంటింట్లోంచి అత్తయ్య కూతురు గరిటెతో పరిగెత్తుకొచ్చి, ఏమైందో తెలియక మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. విషయం తెలిశాక, మర్నాడే అత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. కొన్నాళ్లు మందులు వాడాక ఆవిడ కడుపులో మంట తగ్గింది.

రేపల్లె ఆవిడ ఊరుకోలేదు. జరిగిందంతా ఆ గ్రూపులో పెట్టింది. వెంటనే ఆవిడను గ్రూపులోంచి తీసేశారు. "మాట వరసకైనా ఎలా ఉందని అడగలేదండీ వదినా!" అని అత్తయ్యకు ఫోన్ చేసి బాధపడిందట.

ఇప్పుడు ఇద్దరూ పొద్దున పూట వీడియో కాల్ పెట్టుకుని, కుర్చీల్లో కూర్చుని కాళ్లు లేపుతారు. వ్యాయామం కొంచెం, కబుర్లు ఎక్కువ. నొప్పులు కొంత తగ్గాయి, పూర్తిగా పోలేదు. పోయిన నెల రేపల్లె ఆవిడ బాపట్ల వస్తే సూర్యలంక బీచికి వెళ్లారట. ఇసుకలో ఎక్కువ దూరం నడవలేక ఒకచోట కుర్చీలు వేయించుకున్నారు. ఇద్దరూ మొక్కజొన్న పొత్తులు తింటున్న ఫోటో మామయ్య పంపారు. కాళ్ల దాకా వచ్చిన అలకు చీర కుచ్చిళ్లు తడిసి ఉన్నాయి. ఇద్దరిలో ఎవరికీ ఆ పట్టింపు లేదు.