ఆరు నిమిషాల ఆలస్యం, సెకను తేడా లేకుండా

ఇప్పుడంటే అందరి జేబుల్లోనూ ఒకటే టైము గానీ, మా వయసు రోజుల్లో ఏ ఇంటి గడియారం ఆ ఇంటిదే. ఎవరిని అడిగినా "ఇంచుమించు ఎనిమిది" అనేవాళ్లు. ఆ 'ఇంచుమించు' వింటే నాకు ఒళ్లు మండేది. కారణం, వేలూరు బజారులో పాతసామాన్ల అంగట్లో కొన్న నా షార్ట్‌వేవ్ రేడియో. అందులో ఢిల్లీ నుంచి టైము సంకేతాలు మాత్రమే వినిపించే స్టేషను ఒకటి దొరికింది. పాటల్లేవు, వార్తల్లేవు. సెకనుకొక 'టిక్', నిమిషం నిండగానే కాస్త పొడుగాటి 'కూ'. (గంటెంతో, ఎన్నో నిమిషమో వేరే స్టేషను వార్తల్ని బట్టి తెలుసుకోవాలి, సెకన్లు మాత్రం దీని దగ్గరే.) మా అమ్మ రెండు రోజులు ఓర్చుకుని, "ఏందప్పా అది, కొళాయి కారతా ఉన్నట్టు ఉండాది! పాటేమన్నా పెట్టరాదా?" అంది. నేను మాత్రం దేశంలో అసలు టైము తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అన్నట్టు తిరిగేవాణ్ణి.

ఆ పొగరుతోనే గుడియాత్తంలో ఒక అగ్గిపెట్టెల కంపెనీలో పనికి చేరాను. గోడ గడియారం చూసి సంగు మోగించడం నా బాధ్యత. (సైరన్‌ను అక్కడ అందరూ సంగనే అంటారు. ఊదే పని లేదు, మీట నొక్కితే చాలు.) ఉదయం ఎనిమిదికి సంగు మోగగానే గేటు మూసేస్తారు. ఆ తర్వాత వచ్చినవాళ్లకు మధ్యాహ్నం దాకా పని లేదు. అది ముదలాళి, అంటే మా యజమాని, పెట్టిన రూలు. వారం తిరక్కుండానే రేడియోను కంపెనీకి తెచ్చి నా బల్ల మీద పెట్టుకుని, నేనొక ఘోరం కనిపెట్టాను. గోడ గడియారం ఆరు నిమిషాలు వెనక నడుస్తోంది! గుమాస్తా పెద్దాయన విరించిపురం గుడికని సెలవు పెట్టిన రోజు చూసి, స్టూలెక్కి ముల్లు ముందుకు జరిపి, సరిగ్గా ఎనిమిదికి మీట నొక్కాను. గేటు మూశారు. నా అంతటివాడు లేడనుకున్నాను.

అయిదు నిమిషాలకు పేర్ణాంబట్టు బస్సు వచ్చింది. పదిమందికి పైగా ఆడవాళ్లు దిగి, మూసిన గేటు చూసి నిలబడిపోయారు. వాళ్లలో పెద్దావిడ కిటికీలో నన్ను పట్టుకుంది. "యాడుండాది నాయనా నీ బుద్ధి? బస్సు రాకముందే సంగు కొట్టేసినావే!"

"ఇదే కరెక్టు టైమమ్మా. ఢిల్లీ టైము."

"ఢిల్లీ నుంచి వచ్చేవాళ్లకు పెట్టుకో ఆ టైము. మేము పేర్ణాంబట్టు నుంచి వస్తా ఉండాము!"

మధ్యాహ్నం దాకా వాళ్లు ఎదురుగా ఎండలో కూర్చున్నారు. పదింటికే ఒకావిడ క్యారియరు విప్పింది. సిగ్గేసి ఆ రోజు నా క్యారియరు నేను విప్పనే లేదు.

మర్నాడు గుమాస్తా పెద్దాయన గడియారాన్ని చూశారు, నన్ను చూశారు. "లేటుగా ఉండిందని తిప్పినావా? అది లేటు కాదప్పా, నేను పెట్టినాను. బస్సు వచ్చేది ఎనిమిదీ అయిదుకు. ఆడోళ్లు లోపలికి వచ్చేదానికి ఇంకో నిమిషం. సాయంత్రం సంగు కూడా ఆరు నిమిషాలు లేటే గదా, ముదలాళికి ఏం నష్టం?" బల్ల మీది నా రేడియో వైపు చెయ్యి చూపారు. "ఈ ముసలి గడియారం ఒక్కోనాడు అయిదున్నర నిమిషాలే వెనకబడతాది, పాపం వాళ్లు పరిగెత్తాల. నీ పెట్టె మంచిదే. దాన్ని పెట్టుకొని సరిగ్గా ఆరు తిప్పు."

అలా రోజూ ఉదయం ఢిల్లీ టిక్కులు విని, గడియారాన్ని సెకను తేడా రాకుండా ఆరు నిమిషాలు ఆలస్యం చేయడం నా ఉద్యోగమైంది.

ఒకనాడు ముదలాళి కొత్త వాచీ పెట్టుకుని వచ్చారు. "ఏమప్పా, సంగు లేటా? నా దాంట్లో ఎనిమిదీ ఆరు." గుమాస్తా పెద్దాయన కాగితాల్లోంచి తలెత్తలేదు. పేర్ణాంబట్టు ఆడవాళ్లు అప్పుడే గేటు దాటుతున్నారు. నేను రేడియో పెట్టాను. "లేదు సార్, ఢిల్లీ టైము పట్టి పెట్టినాను, వినండి." ప్రతి టిక్కుకూ గోడ గడియారం సెకను ముల్లు ఒక అడుగు వేసింది. అది పన్నెండు మీదికి రాగానే 'కూ' మంది. ముదలాళి భక్తిగా విని, వాచీ విప్పి ఆరు నిమిషాలు వెనక్కి తిప్పుకున్నారు.

అప్పటి నన్ను, ఆ రేడియో కుర్రాణ్ణి, తలుచుకుంటే ఇప్పుడు నాకు ముద్దొస్తాడు. నేనక్కడున్న నాలుగేళ్లలో మళ్లీ గేటు బయట ఎవరూ కూర్చోలేదు. అంత కచ్చితంగా నేను ఆ తర్వాత మరే పనీ చేయలేదు.