గొలుసు ప్రార్థనలో ఇంకో చెయ్యి

దయ్యాల మాటెత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. పిల్లకు జ్వరమొచ్చినా దయ్యమే, పరీక్ష తప్పినా దయ్యమే. మా క్రైస్తవ సంఘాల్లో చిన్నప్పటి నుంచీ ఈ గోల విని విసిగిపోయినదాన్ని. బడిలో సైన్సు చెప్తాను, దేవుణ్ణి నమ్ముతాను, అంతే. అయినా ఇది రాస్తున్నానంటే, ఎవరో చెప్పగా విన్నది కాదు కాబట్టి. నా చేతికి తగిలిన సంగతి.

నంద్యాలలో కాలేజీ పిల్లల కోసం మాకొక సహవాసం ఉంది. శనివారం మధ్యాహ్నం ఒక అద్దె గదిలో ప్రార్థనకు కూడుకుంటాం. పల్లెల నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉంటూ, చదువు తలకెక్కక, ఇంటి మీద బెంగతో లోలోపల కుమిలిపోయే పిల్లలు వస్తారు. వాళ్ళకు తోడుగా ఉండటం నా పని. సహవాసాన్ని నడిపించేది సామ్యేలన్న.

అట్లా వచ్చిన పిల్లే కెజియా. ఊరు ఆళ్ళగడ్డ. నంద్యాలలో పీజీ చదువుకు చేరింది. మొదటి పరీక్షలు తప్పాక తిండి మానేసింది, నిద్ర పోయేది కాదు. బతకాలని లేదక్కా అని ఒకరోజు నాతో అంది. డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. మాత్రలు మొదలుపెట్టాక మెల్లగా తేరుకుంది. హాస్టల్ పిల్లలతో నవ్వుతూ మాట్లాడుతోందని విని ప్రాణం లేచొచ్చింది నాకు.

అప్పుడు సామ్యేలన్న ఆమెను సాక్ష్యం చెప్పమన్నాడు. మేలు పొందిన మనిషి అందరి ముందూ లేచి, దేవుడు నన్ను బాగుచేశాడని చెప్పడం మాలో ఆనవాయితీ. పిల్ల ఇంకా మందులు వాడుతోంది, కొన్నాళ్ళు ఆగుదామన్నాను.

"మాత్రలు మింగతా సాక్ష్యం ఎట్ల చెప్తాదిమా?" అన్నాడు.

ఆ పిల్ల మాత్రలు మానేసి సాక్ష్యం చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు.

అసలు పాపం ఆ తర్వాత జరిగింది. సాక్ష్యం చెప్పిన మనిషిని మళ్ళీ ఎట్లా ఉన్నావని అడగకూడదట. అడిగితే దేవుడి పనిని అనుమానించినట్టట. ఎవడు పెట్టాడో ఈ రూలు! కెజియా కాలేజీ మానేసి ఆళ్ళగడ్డ పోయి ఇంట్లో కూర్చుంటే, ఒక్కరూ కదల్లేదు. నేను ఫోను చేస్తే "బాగుండానక్కా" అని పెట్టేసేది. పోయి చూసొద్దామంటే, "నీకే విశ్వాసం తక్కువైతాంది" అన్నాడు సామ్యేలన్న. ఎవరు వచ్చినా రాకపోయినా ఆ వచ్చే ఆదివారం పోవాలనే అనుకున్నాను.

ముందురోజు శనివారం గొలుసు ప్రార్థన పెట్టుకున్నాం. చాప మీద గుండ్రంగా కూర్చుని, కళ్ళు మూసుకుని, చేతులు కలుపుకుంటాం. ఒకరు ప్రార్థన ముగించి ఎడమవైపు చెయ్యి నొక్కితే, ఆ పక్కవాళ్ళు అందుకుంటారు. నా ఎడమ పక్కన హెప్సిబా అని డిగ్రీ చదివే అమ్మాయి.

నా వంతు వచ్చింది. కెజియా కోసం ప్రార్థించి, ఎడమ చేతిలో ఉన్న చేతిని నొక్కాను. అది తిరిగి నా చేతిని నొక్కింది. గట్టిగానే. వెచ్చగా, కాస్త చెమటగా ఉంది. మరుక్షణం నా పక్కనే కెజియా గొంతు.

"ప్రభువా, వీళ్ళంతా ఆడ కూడుకోనుండారు. నేనీడ ఒక్కదాన్నే ఉండా. బేగా ఎవుర్నైనా పంపీ."

ఎప్పుడొచ్చిందీ పిల్ల అని సంతోషంగా కళ్ళు తెరిచాను. కెజియా లేదు. నా ఎడమ చెయ్యి ఉత్త చాప మీద ఉంది. మూరెడు దూరంలో హెప్సిబా కళ్ళు మూసుకునే కూర్చుంది.

"ఏందక్కా, నా చెయ్యి ఎప్పుడో ఇడిసిపెట్టినావే. నా వంతు ఎప్పుడొస్తాదా అని చూస్తాండా" అంది.

ఆ గొంతు నేనొక్కదాన్నే వినలేదు. ఎదురుగా కూర్చున్న ఇద్దరు అమ్మాయిలు కెజియా వచ్చిందనుకుని తలుపు వైపు చూశారు. సామ్యేలన్న కూడా విన్నాడు, అలవాటు కొద్దీ ఆమెన్ అన్నాడు. తలుపుకు గడియ పెట్టే ఉంది.

కెజియాకు ఫోను చేస్తే ఎత్తలేదు. వాళ్ళ నాయనకు చేశాను. మిరప చేలో ఉన్నాడు.

"అన్నా, ఉన్నపాటున ఇంటికి పో. పాపను చూడు."

"ఏమైందిమా?"

"నాకూ తెలీదన్నా. నువ్వు పో."

నేను లేచి చెప్పులేసుకుంటుంటే, ముగింపు ప్రార్థన అయ్యాక పోదువులే అన్నాడు సామ్యేలన్న. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడని ఊరికే అనలేదు. నేనన్న మాట ఇక్కడ రాయలేను. నేరుగా పోయి ఆళ్ళగడ్డ బస్సెక్కాను.

బస్సు శిరివెళ్ళ దాటుతుండగా వాళ్ళ నాయన ఫోను చేశాడు, ఏడుస్తూ. లోపల గడియ పెట్టుకుంటే తలుపు పగలగొట్టి పోయాడట. ఆ పిల్ల ఏం చేసుకోబోయిందో రాయను. ఆయన సమయానికి అందుకున్నాడు. కెజియా బతికింది. డాక్టరు మళ్ళీ మాత్రలు మొదలుపెట్టాడు.

తర్వాత ఒక పెద్ద కూటంలో సామ్యేలన్న మైకు పట్టుకుని, ఇదంతా తన సహవాసం ప్రార్థనకున్న శక్తి అన్నాడు. త్వరలో కెజియా సాక్ష్యం కూడా ఉంటుందన్నాడు. సిగ్గూ శరం ఉండాలి మనిషికి. నేను లేచి నిలబడ్డాను.

"ఆ పాప ఎట్లుందో ఒక్కసారన్నా అడిగినావా అన్నా?"

ఆయన పాట ఎత్తుకోమని పిల్లలకు సైగ చేశాడు. ఆ రోజు నుంచి నేను అక్కడికి పోవడం లేదు. నా శనివారాలు ఇప్పుడు ఆళ్ళగడ్డలో.

బాగా తేరుకున్నాక కెజియాను అడిగాను, ఆ పొద్దు ప్రార్థన చేసినావా అని.

"లేదక్కా. సాక్ష్యం చెప్పినప్పట్నుంచి ప్రార్థనే చెయ్యలా. ఎవురూ రారని తెలుసు గదా" అంది.

పిల్లలకు ప్రతిదానికీ కారణం ఉంటుందని చెప్పే నేను దీనికి కారణం చెప్పలేను. ఆ పిల్ల పిలవలేదు. పోవాల్సిన మేము పోలేదు. మరి ఆమె గొంతుతో మమ్మల్ని అడిగిందెవరు? నా చెయ్యి అంత గట్టిగా నొక్కిందెవరు?